కారంపూడి భాయ్ కాలి గోరు

మొన్న వానలో తడిసి మా కొట్టు మెట్లెక్కిన ఒక పెద్దాయన చెప్పులు పక్కన విడిచి, భుజం మీది తువ్వాలు తీసి కాళ్ళు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ముందు పాదాలు తుడిచాడు. ఆ తర్వాత వంగి, తువ్వాలు అంచుని వేలికీ వేలికీ మధ్య దూర్చి, తొందరేమీ లేకుండా ఒక్కో సందూ తుడిచాడు. "ఏంది పెద్దాయనా, పెళ్ళికొడుక్కి కూడా ఇంత సేవ చెయ్యరు," అని మా గుమాస్తా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అట్లా కాళ్ళు తుడుచుకునే మనిషి నాకు ఒక్కరే తెలుసు. ఆయన పోయి ఏడాది కావస్తోంది.

పేరు రాయను. రాస్తే ఊరుకునే మనిషి కాదు. నేను భాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను సేటూ అనేవాడు. కారంపూడిలో మోటారు వైండింగ్ షాపు ఆయనది. పొలాల్లో కాలిపోయిన బోరు మోటార్లు విప్పి, రాగి తీగ చుట్టి మళ్ళీ తిరిగేట్టు చేసేవాడు. నాది నరసరావుపేటలో బట్టల కొట్టు. ఆయనకీ నాకూ పరిచయం కలిపింది పాడైపోయిన కాలి గోళ్ళు. చెప్పుకుంటే సిగ్గుచేటే గానీ, ఉన్నమాట అది.

మాది పరుపు మీద బాసింపట్టు వేసుక్కూర్చుని చీరలు విప్పి చూపించే పాతకాలపు కొట్టు. నా ఎడమకాలి బొటనవేలి గోరు పచ్చబడి, మందంగా పైకి లేచి, అంచు రంపంలా తయారైంది. చాన్నాళ్ళు పంచె కింద దాచుకున్నాను. ఒకరోజు ఒక పెళ్ళివాళ్ళకి పట్టుచీర విప్పి పరుస్తుంటే ఆ గోరు జరీపోగుకి తగులుకుని సర్రున లాగేసింది. పెళ్ళికూతురి తల్లి చీర వంక చూడలేదు. నా కాలి వంక చూసింది. వాళ్ళు ఆ చీరా కొనలేదు, ఇంకో చీరా కొనలేదు. "అసలే బేరాల్లేక ఏడుస్తుంటే గోరుచుట్టు మీద రోకటిపోటా!" అని మా ఆవిడ చీర మడత పెడుతూ సణిగింది. మర్నాడు చర్మం డాక్టరు దగ్గరికి బయల్దేరాను.

డాక్టరమ్మ చిన్నపిల్ల. నా గోటిని వేలితో నొక్కి చూసి, ఫంగస్ అంది. మాత్రలు ఇద్దామంటే నా లివరు తట్టుకోదట. లేజరు పెడదామంది. "అంటే ఏందమ్మా?" అన్నాను. "లైటండీ. గోటి మీద కొడితే లోపల వేడి పుట్టి ఫంగస్ చచ్చిపోతుంది. మంత్రమేం కాదు, కొందరికి తగ్గుతుంది, కొందరికి తగ్గదు. తగ్గినా పాత గోరు పోయి కొత్త గోరు రావాలి కదా, ఏడాది పైనే పడుతుంది." గోటికి ఏడాదా! పిల్లని కనడానికి కూడా అంత పట్టదే అనుకుంటూ బయటికొచ్చి బల్ల మీద కూలబడ్డాను.

ఆ వసారాలో ఫ్యానుండదు. ఎండాకాలం పేటలో ఫ్యాను లేని వసారా ఎట్లా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. నా పక్కన ఒక మనిషి, తెల్ల గడ్డం, నూనె మరకల చొక్కా, కుడికాలు ఎత్తి బల్ల మీద పెట్టుకుని హాయిగా కూర్చున్నాడు. ఆ కాలి బొటనవేలు సరిగ్గా నా మోకాలి పక్కన ఉంది. ఆ గోరు నా గోటి కన్నా అధ్వాన్నం.

"కాలు దించవయ్యా, మనుషులు కూర్చునే చోటిది," అన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

"దించుతా సేటూ," అన్నాడు, నా పంచె, ఉంగరాలు చూసి. "గాలి తగలనియ్యమంది డాక్టరమ్మ. కిందుంటే గాలి యాడ తగులుద్ది?" దించబోతూ నా పంచె అంచు కిందికి చూశాడు. "మీదీ అదేనా?"

నేను పంచె లాక్కున్నాను. ఆయన పక్కకి జరిగి బల్ల మీద నాకూ కాస్త చోటిచ్చాడు. "ఎత్తి పెట్టండి, సిగ్గెందుకు. ఇద్దరం ఒకే కంపెనీ మోటార్లం." ఎత్తి పెట్టలేదు గానీ, ఆ తర్వాత మేమిద్దరం ఒకే రోజు టైము పెట్టించుకోవడం అలవాటైంది. రెండు మూడు రాకల్లోనే మీరు పోయి నువ్వు అయింది.

ఆయనకో అలవాటుండేది. ఏ వస్తువునైనా సరే ముందు చేతి వేళ్ళ వెనకవైపుతో తట్టి చూసేవాడు. షాకు కొడుతుందేమోనని కరెంటు పనివాళ్ళు చూసే పద్ధతట అది. అరచేత్తో పట్టుకుంటే చెయ్యి బిగుసుకుపోతుందట, వెనకవైపైతే విసిరేస్తుందట. డాక్టరమ్మ తలుపుని అట్లా తట్టేవాడు, మంచినీళ్ళ కూలరుని తట్టేవాడు, లేజరు మిషనుని రెండుసార్లు తట్టేవాడు. మాట నచ్చితే నా భుజాన్నీ అట్లాగే తట్టేవాడు. మిషను లోపలి ఫ్యాను చప్పుడు విని, "బేరింగు పోతంది, ఎక్కువ రోజులు రాదు," అని వెళ్ళినప్పుడల్లా హెచ్చరించేవాడు. ఆ ఫ్యాను ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

లోపల పని ఎంతోసేపు పట్టదు. అక్కడి అమ్మాయి ముందు గోటిని అరగదీస్తుంది. మన కళ్ళకి నల్లద్దాలు పెడుతుంది, తనూ పెట్టుకుంటుంది. పెన్నులాంటిది గోటి మీద తిప్పుతుంటే టిక్కు టిక్కుమంటూ సూదులు గుచ్చినట్టుంటుంది, గోరు కాలిన వాసన వస్తుంది. నేను అబ్బా, అమ్మా అని అరిచేవాణ్ణి. ఆయన చేతులు ఒళ్ళో కట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. ఆయనకున్న బాధల్లా ఆ అమ్మాయి తన కాలు పట్టుకోవడం. "ఆడబిడ్డవి, కాళ్ళు పట్టుకోబాకమ్మా," అనేవాడు. "పట్టుకోకపోతే లైటెట్టా కొట్టాలి తాతా?" అని ఆ పిల్ల విసుక్కునేది. ప్రతిసారీ ఇదే తంతు.

లైటంటే మాత్రం ఆయనకి ఎక్కడలేని నమ్మకం. "వైండింగ్ చేసినాక వార్నిష్ కొట్టి బల్బు కింద పెడతాం సేటూ, లోపల తేమ పోవాలని. తేమ ఉందంటే మోటారు పోయినట్టే. మనిషీ అంతే," అనేవాడు. వాళ్ళావిడైతే, అంత దూరం పోవడమెందుకు, ఆ బల్బేదో షాపులోనే ఉందిగా, కాలు దాని కింద పెట్టుకోమందట. ఇది చెప్పి తనే పడీ పడీ నవ్వేవాడు.

నెలలు గడిచాయి. గోరు పెరగడం చూస్తూ కూర్చోవడం లాంటి పాడు పని ఇంకోటి లేదు. ఆయనకి కారంపూడి బస్సు, ఇద్దరికీ ఉక్కపోత, బల్ల, నల్లద్దాలు, మళ్ళీ ఆయనకి బస్సు. నాకు విసుగొచ్చి మానేస్తానంటే ఆయన నా కాలు చూసి, తన కాలు చూపించేవాడు. "వస్తంది సేటూ, నిదానంగా వస్తంది. గోరేమన్నా మోటారా, స్విచ్చెయ్యగానే తిరగటానికి?" నా గోరు ఈ రోజుకీ సగం అట్లాగే ఉంది. డాక్టరమ్మ ముందే చెప్పింది కాబట్టి తిట్టడానికి కూడా లేదు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒకసారి ఆయన కొత్త వేషంలో వచ్చాడు. కాళ్ళకి చీలమండల పైదాకా నల్ల తోలు మేజోళ్ళు. అమ్మాయి వాటిని విప్పిందో లేదో ముక్కు మూసుకుని రెండడుగులు వెనక్కి వేసింది. పాదాలు తెల్లగా నానిపోయి ఉన్నాయి. అంతకు ముందు మొదలు దగ్గర కాస్త బాగుపడిన గోరు మళ్ళీ పచ్చబడింది. అప్పటిదాకా పడిన లైటంతా బూడిదలో పోసిన పన్నీరైంది.

డాక్టరమ్మ వచ్చి చూసి, "కాళ్ళకి తడి తగలనివ్వొద్దన్నానా లేదా తాతా?" అంది.

"తగలనియ్యలేదమ్మా. నమాజుకి ముందు వజూ చేసుకుంటూ రోజుకి అయిదుసార్లు కాళ్ళు కడగాల్సినోణ్ణి, ఒక్కసారే కడుగుతున్నా. పొద్దున్నే కడిగి ఇయ్యి తొడుక్కుంటే ఆ రోజుకి మళ్ళీ కడగక్కర్లేదు. పైన తడిచెయ్యి రాస్తే చాలు. మాలో అట్టా ఒప్పుకుంటారు."

"తుడుచుకునే తొడుక్కున్నావా?"

"కడగ్గానే తొడిగేశా."

"మధ్యలో విప్పలేదా?"

"విప్పితే మళ్ళీ కడగాలి గదమ్మా."

"కారంపూడి ఎండల్లో తోలు మేజోళ్ళా! నీకేమన్నా మతి ఉందా భాయ్?" అని నేను అరిచాను. డాక్టరమ్మకి నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చినట్టున్నాయి. స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. "తాతా, కడుక్కో. అయిదుసార్లు కాదు, పదిసార్లు కడుక్కో. కడిగాక వేళ్ళ సందులు పొడిగా తుడుచుకో. అంతే."

"అంతేనా?"

"అంతే."

ఆయన నానిపోయిన వేళ్ళ వంక చూసుకున్నాడు. "ఈ ముక్క మొదటే చెప్తే పోయేదిగా తల్లీ," అన్నాడు. "తడి తగలొద్దంటే నమాజు మానుకోమంటన్నావేమో అనుకున్నా. మానుకోలేక ఈ తిప్పలు పడ్డా." ఆ మాటకి డాక్టరమ్మ తల దించుకుంది. ఆ రోజు నుంచి ఆయన భుజం మీదికి తువ్వాలు వచ్చింది. బల్ల మీద కూర్చున్నంతసేపూ వేళ్ళ సందులు తుడుచుకుంటూనే ఉండేవాడు, తడి ఉన్నా లేకపోయినా.

రంజాన్ నెలలో ఒకసారి లేజరయ్యాక బస్టాండు దగ్గర టీ కొట్టు ముందు కూర్చున్నాం. ఆయన ఉపవాసం. నేను టీ వద్దంటే ఒప్పుకోలేదు. "నా రోజా నాది, నీ టీ నీది. తాగు సేటూ," అన్నాడు. ఎండకి పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నాకు జాలేసింది. జాలేస్తే కూడా నాకు కోపమే వస్తుంది.

"ఈ వయసులో నీకెందుకయ్యా ఈ అవస్థ? నాకైతే చీరలు చిరుగుతయ్. కాలిన మోటార్లు నీ గోరు చూసి ఏమన్నా అంటయ్యా?" అన్నాను.

ఆయన నవ్వలేదు. తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "నమాజులో వరసగా నిలబడతాం సేటూ. భుజానికి భుజం ఆనాలి, కాలికి కాలు తగలాలి. మధ్యన సందుండకూడదు. సందుంటే అందులో సైతాను దూరుద్దని పెద్దోళ్ళంటారు. మా షాపుకి ఎదురు టైర్ల షాపాయన, నిక్కర్లేసుకున్న కాణ్ణించి దోస్తులం. మసీదులో ఎప్పుడూ వాడి పక్కనే నేను. ఒక శుక్రవారం వాడి కాలికి నా కాలు ఆనించా. వాడు కిందికి చూసి కాలు లాక్కున్నాడు."

"అంతేనా?"

"అంతే."

"గోరు చూసే లాక్కున్నాడని నీకేంది నమ్మకం?"

"ఇంకెందుకు లాక్కుంటాడు?"

"అడగలా?"

"ఏమని అడగాలి సేటూ? నా గోరు నీకు రోతా అని అడగాలా?"

ఆ రోజు నుంచి ఆయన మసీదులో ఆఖరి వరసలో, గోడ పక్కన నిలబడుతున్నాడు. గోడకేం రోతుండదన్నాడు. మాటలు మానుకున్నారా అంటే అదీ లేదు. రోజూ టీ తెప్పించేది ఆ టైర్లాయనే. ఇద్దరూ ఎదురెదురు షాపుల్లో కూర్చుని తాగుతారు. "వాడి మీద నాకు కోపం లేదు. నా మూలాన వరసలో సందు పడగూడదు, అంతే. గోరు బాగైనాక పోయి వాడి పక్కన నిలబడతా. ఈ పండక్కి అయిద్దనుకున్నా. అయ్యేట్టు లేదు," అన్నాడు. కారంపూడి బస్సు వస్తే లేచి, దాని తలుపుని వేళ్ళ వెనకవైపుతో తట్టి ఎక్కాడు. నాకు టీ చేదుగా అనిపించింది.

ఆ పండక్కి కాలేదు. బక్రీదుకీ కాలేదు. ఆ తర్వాత మాత్రం ఆయన గోరు నిజంగానే రావడం మొదలుపెట్టింది. మొదలు దగ్గర లేత గులాబి రంగులో సన్నగా కనిపించిన గోరు మెల్లగా ముందుకి జరిగి, పాత గోటిని అంచుకి తోసేసింది. చూసినప్పుడల్లా నాకు ముచ్చటేసేది. అసూయ కూడా వేసేది, అబద్ధమెందుకు. చివరికి బొటనవేలి మూల చిన్న ముక్క మిగిలింది. ఈసారి వచ్చినప్పుడు దాన్ని కత్తిరిస్తే అయిపోయినట్టేనని డాక్టరమ్మ చెప్పింది.

బస్టాండు దాకా నడుస్తూ, "ఇంక చాల్లే భాయ్. ఈ శుక్రవారమే పోయి నిలబడు," అన్నాను.

ఆయన ఆగి, చెప్పులోంచి కాలు తీసి చూసుకున్నాడు. "ఆ ముక్క కూడా పోనీ సేటూ."

"ఆ కాస్త ముక్క ఎవడు చూస్తాడయ్యా?"

"నేను చూస్తా గదా. ఒక్క చుట్టు తేడా ఉన్నా నేను మోటారు బయటికియ్యను." మొండిమనిషి. నా భుజం మీద వేళ్ళ వెనకవైపుతో తట్టి బస్సెక్కాడు. నేను ఆయన్ని చూడటం అదే ఆఖరు.

తర్వాతి లేజరుకి ఇంకో వారం ఉందనగా పొద్దున్నే ఫోనొచ్చింది. "సేటుగారా అండీ? మా అబ్బా ఫోన్లో మీ నంబరుంది. తెల్లారుజామున గుండెనొప్పొచ్చి పోయారండీ," అన్నాడు కొడుకు. మా ఆవిడతో చెప్పాను. పండగ రోజు కూడా కొట్టు మూయని వాణ్ణి, తాళం వేసి కారంపూడి బస్సెక్కాను. దారి పొడుగునా ఆ గోటి ముక్క మీద కోపం. ఆయన మీద అంతకన్నా కోపం. కళ్ళు తుడుచుకుంటుంటే పక్క సీటాయన అదోలా చూశాడు.

షాపు పక్కనే ఉన్న ఇంటి ముందు టెంటు వేశారు. నాలాంటి వాళ్ళ కోసం రోడ్డవతల టైర్ల షాపు ముందు కుర్చీలు వేశారు. అందులో ఒకదాంట్లో కూర్చున్నాను. శవానికి స్నానం చేయించడం అయినట్టుంది, లోపల్నుంచి మగవాళ్ళు కొందరు బయటికొచ్చారు. వాళ్ళలో ఒకాయన, చొక్కా చేతులు తడిసి ఉన్నాయి, రోడ్డు దాటి వచ్చి షాపు మెట్టు మీద నా పక్కనే కూర్చున్నాడు. ఎవరో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"పేట సేటుగారు మీరేనా? మీ గురించి చెప్పేవాడు," అన్నాడు. "ఒక మాట అడుగుతా. ఇందాక కాళ్ళు కడిగింది నేనే. వాడి గోళ్ళు చానా ఏళ్ళ సంది పాడై ఉండేయి. ఇయ్యాల చూస్తే పసిపిల్లోడి గోళ్ళలాగున్నయ్, ఒక మూల ముక్క తప్ప. పేటకి పోయింది అందుకా? నాతో మోటారు సామాన్లకని చెప్పేవాడు."

"అందుకే," అన్నాను.

"ఈ వయసులో గోళ్ళు బాగు చేయించుకుని ఏం చేద్దామనుకున్నాడు?"

ఆ సమయంలో అనదగ్గ మాట కాదని నాకు తెలుసు. కానీ ఏడాది పైగా ఆయన పక్కన బల్ల మీద కూర్చున్నవాణ్ణి, ఉండబట్టలేకపోయాను. "నీ పక్కన నిలబడదామనుకున్నాడయ్యా," అన్నాను. శుక్రవారం సంగతి, కాలు లాక్కున్న సంగతి, గోడ సంగతి అంతా చెప్పేశాను.

ఆయన నోరు తెరుచుకుని విన్నాడు. "నేనా? కాలు లాక్కున్నానా? ఎప్పుడు?" అన్నాడు. "ఒట్టు సేటుగారూ, నాకు గుర్తే లేదు. చీమ కుట్టిందో, తిమ్మిరెక్కిందో. వాడి గోళ్ళు నాకు తెలీనియ్యా? చిన్నప్పుడు వాడి చెప్పులు నేనేసుకునేవాణ్ణి, నాయి వాడేసుకునేవాడు. వాడే నా మీద ఏందో మనసులో పెట్టుకుని గోడ కాడికి పోయాడనుకున్నా. నేనేం తప్పు చేశానా అని ఎన్నిసార్లు ఆలోచించానో."

"అడగలా?"

"ఏమని అడగాలి?" అన్నాడు.

అచ్చం భాయ్ అన్న మాటే. ఇద్దరినీ చెరో దెబ్బా వెయ్యాలనిపించింది, ఒకాయన దెబ్బలకి అందకుండా పోయాడు గానీ. టైర్లాయన తడి చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. రోడ్డుకి అటువైపు వైండింగ్ షాపు తలుపులు మూసి ఉన్నాయి.

ఖబరస్తాన్ పక్క ఖాళీ స్థలంలో శవాన్ని మోసుకొచ్చిన మంచాన్ని ముందు పెట్టి అందరూ చెప్పులు విడిచి వరసలు కట్టారు. నేను నమాజు చెయ్యని నాలాంటి వాళ్ళు నలుగురితో కలిసి గోడ నీడన నిలబడ్డాను. టైర్లాయన మొదటి వరసలో ఉన్నాడు. ఆయన కుడిపక్కన ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంది. ఆ ఖాళీకి అవతల నిలబడ్డ వాళ్ళు ఆయన జరుగుతాడని చూస్తున్నారు.

నమాజు చేయించే పెద్దాయన వెనక్కి తిరిగి, "దగ్గరికి జరగండి, మధ్యలో సందు వదలొద్దు," అన్నాడు. వరసలన్నీ జరిగాయి. ఈయన జరగలేదు. "జరుగు భాయ్," అన్నారు వెనకనుంచి ఎవరో. ఆయన తల వంచి పక్కనున్న ఖాళీ నేల వంక చూశాడు. పెద్దాయన తొందరపెట్టకుండా ఆగాడు. ఆ తర్వాత టైర్లాయన కుడికాలు మెల్లగా పక్కకి జరిపాడు, అవతలి మనిషి కాలికి ఆనేదాకా. అప్పుడు నమాజు మొదలుపెట్టారు.